వందకు ఏడు తక్కువ

పదో తరగతి విద్యార్థి రసాయనశాస్త్రం నోటుపుస్తకంలో లెక్కలన్నీ చక్కగా తెగుతాయి. 230 గ్రాముల సోడియం నీటితో చర్య జరిపితే ఎంత హైడ్రోజన్ వస్తుంది? సోడియం పరమాణు భారం 23 కాబట్టి అవి 10 మోల్‌లు. రెండు మోల్‌ల సోడియానికి ఒక మోల్ హైడ్రోజన్ అని తుల్య సమీకరణం చెబుతోంది కాబట్టి 5 మోల్‌లు, అంటే 10 గ్రాములు. 23తో భాగిస్తే శేషం రాకుండా 230 అన్న అంకెను ఎంచి పెట్టారు. పద్ధతి నేర్పడానికి అలాంటి లెక్కలు కావలసిందే. కానీ ఏళ్ల తరబడి అవే చేస్తే, రసాయన శాస్త్రంలో అంకెలు ఎప్పుడూ ఇలాగే తెగుతాయన్న నమ్మకం పిల్లల్లో పాతుకుపోతుంది. జవాబు 7.26 అని వస్తే ఎక్కడో తప్పు చేశామనుకుని చెరిపేస్తారు.

ఆ 7.26 నిజంగా ఒక చోట వచ్చిన అంకె. దాన్ని చెరిపేయకూడదని తెలియాలంటే జర్మనీలోని ఫ్రైబర్గ్ దాకా వెళ్లాలి. నల్ల అడవుల పక్కనున్న మరో ఊరి పేరూ ఇంచుమించు ఇలాగే వినిపిస్తుంది. మనం మాట్లాడుకునేది తూర్పున శాక్సనీ రాష్ట్రంలో, ఎర్ట్స్‌గెబిర్గె కొండల వారన ఉన్న గనుల పట్టణం గురించి. 1168 ప్రాంతంలో అక్కడ వెండి బయటపడింది. గనుల చుట్టూ ఊరు పెరిగింది. 1765లో గనులకూ లోహాలకూ ప్రత్యేకంగా బెర్గ్‌అకాడెమీ అనే విద్యాలయం వెలిసింది, ఇవాళ అది సాంకేతిక విశ్వవిద్యాలయం. అకాడెమీ పుట్టకముందే, 1739లో, రష్యా నుంచి లోమొనోసోవ్ అనే యువకుడు హెంకెల్ దగ్గర ఖనిజాల రసాయనం నేర్చుకోవడానికి ఇక్కడికి వచ్చాడు. తర్వాత 1756లో మూతి బిగించిన గాజుపాత్రలో లోహాన్ని కాల్చి, బయటి గాలి లోపలికి రాకపోతే పాత్ర బరువు మారదని చూపిందీ ఆయనే. ద్రవ్యనిత్యత్వ నియమం చెప్పేటప్పుడు మన పుస్తకాలు లావోయిజర్‌తో మొదలుపెడతాయి. ఈయననూ ఒక వాక్యంలో తలచుకుంటే బాగుంటుంది.

గనుల ఊళ్లో తూకం అంటే బతుకుతెరువు. ఒక రాయిలో వందకు ఎన్ని పాళ్లు వెండి ఉందన్న దాని మీదే గని నడవాలా, మూతపడాలా అన్నది తేలుతుంది. అందుకే ఫ్రైబర్గ్ రసాయనవేత్తలు విశ్లేషణలో ఆరితేరారు. వాళ్లలో క్లెమెన్స్ వింక్లర్ ఒకడు. 1838లో ఆ ఊళ్లోనే పుట్టాడు. తండ్రి లోహశాస్త్రవేత్త. తాను కొన్నేళ్లు కోబాల్ట్ నీలిరంగు తయారుచేసే కర్మాగారంలో పనిచేసి, 1873లో అకాడెమీలో ఆచార్యుడిగా చేరాడు.

1885లో ఫ్రైబర్గ్ దగ్గరి హిమ్మెల్స్‌ఫ్యుర్స్ట్ గనిలో అంతవరకూ ఎవరూ చూడని ఖనిజం దొరికింది. ఖనిజశాస్త్ర ఆచార్యుడు ఆల్బిన్ వైస్‌బాఖ్ దాన్ని పరీక్షించి ఆర్జిరొడైట్ అని పేరు పెట్టాడు. అందులో వెండి, గంధకం ఉన్నాయని తేలింది. ఏది ఎంత ఉందో పూర్తిగా తేల్చే పని వింక్లర్ చేతికి వచ్చింది.

ఏది ఎంత ఉందో తేల్చడం అనగానే రాతిలోంచి వెండిని తీసి తక్కెడలో పెడతారని అనుకుంటాం. వెండిని వెండిగా తూచే పని అరుదు. ఖనిజాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, క్లోరైడ్ కలిపితే వెండి మొత్తం సిల్వర్ క్లోరైడ్ రూపంలో తెల్లని అవక్షేపంగా దిగుతుంది. దాన్ని వడగట్టి, కడిగి, ఆరబెట్టి తూస్తారు. గంధకాన్ని సల్ఫేట్‌గా మార్చి, బేరియం సల్ఫేట్ అవక్షేపంగా దించి తూస్తారు. ఒక గ్రాము ఆర్జిరొడైట్ తీసుకుంటే సిల్వర్ క్లోరైడ్ దాదాపు 0.99 గ్రాములు, బేరియం సల్ఫేట్ దాదాపు 1.25 గ్రాములు వస్తాయి. రాయి ఒక గ్రాము, అందులోంచి వచ్చిన అవక్షేపాలు రెండు గ్రాములకు పైన! చూసిన విద్యార్థి కంగారుపడతాడు. పడాలి కూడా, ఎందుకంటే తర్వాతి మెట్టు అప్పుడే అర్థమవుతుంది. సిల్వర్ క్లోరైడ్ ఒక మోల్ బరువు 143.32 గ్రాములు, అందులో వెండి 107.87. కాబట్టి అవక్షేపం బరువును 0.7527తో గుణిస్తే వెండి బరువు. బేరియం సల్ఫేట్ మోల్ బరువు 233.39, అందులో గంధకం 32.06. కాబట్టి 0.1374తో గుణిస్తే గంధకం బరువు. మిగిలినదంతా మనం కలిపిన క్లోరిన్, బేరియం, ఆక్సిజన్. ఇలా తూచిన ప్రతి బరువు వెనకా ఒక తుల్య సమీకరణం నిలబడి ఉంటుంది. స్టాయికియోమెట్రీ తెలియకపోతే తక్కెడ ఎంత ఖచ్చితమైనదైనా నోరు విప్పదు.

వింక్లర్ అన్నిటినీ తూచి కూడాడు. వెండి, గంధకం, కొద్దిగా ఇనుము, జింకు, పాదరసం. మొత్తం వంద రావాలి. 93, 94 దగ్గర ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ ఆరేడు పాళ్లు తక్కువ. సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు పద్దుకూ గల్లాపెట్టెకూ తేడా ఒకరోజు పది రూపాయలు ఎక్కువ, మరోరోజు ఐదు తక్కువ వస్తే అది లెక్కపెట్టడంలో పొరపాటు. రోజూ సరిగ్గా ఒకే మొత్తం తగ్గుతుంటే దానికి కారణం వేరే ఉంది. వింక్లర్ తన తక్కెడను అనుమానించి ఊరుకుని ఉంటే, లేదా వచ్చిన అంకెలను వందకు సాగదీసి రాసేసి ఉంటే, కథ అక్కడే ముగిసేది. నలభై ఏళ్లు దాటిన మనిషి, చేతిపని మీద నమ్మకం ఉన్నవాడు. తూకం సరైనదే అయితే తూగనిది ఇంకేదో రాతిలో ఉండి తీరాలి అనుకున్నాడు. ద్రవ్యం మాయం కాదన్న నియమాన్ని ఆయన పరీక్షలో రాసే వాక్యంగా తీసుకోలేదు, దాన్ని పట్టుకుని నెలల తరబడి వెతికాడు.

ఆ వస్తువు ఎలా తప్పించుకుంటోందో చూడండి. ఖనిజాన్ని సోడాతో, గంధకంతో కలిపి కరగబెట్టి నీటిలో వేస్తే వెండి సల్ఫైడ్ అడుగున మిగులుతుంది. ద్రావణంలోకి ఆర్సెనిక్, ఆంటిమొనీ లాంటివి వస్తాయి. కొంచెం ఆమ్లం కలిపితే వాటి సల్ఫైడ్‌లు దిగిపోతాయి. వింక్లర్ వెతుకుతున్నది మాత్రం బలమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ధారాళంగా పోస్తేగాని దిగదు. దిగినా తెల్లగా ఉంటుంది, నీటితో కడిగితే కొంత కరిగి కడుగునీళ్లలో పోతుంది. శుభ్రంగా కడగడమే అలవాటైన విశ్లేషకుడి చేతిలోంచి జారిపోయేది అందుకే. ఎక్కువ ఆమ్లం పోశాక ఆ తెల్లని సల్ఫైడ్ దండిగా దిగింది. దాన్ని హైడ్రోజన్ ప్రవాహంలో వేడిచేస్తే బూడిదరంగు పొడి మిగిలింది. అది 1886 ఫిబ్రవరి 6. కొత్త మూలకానికి తన దేశం పేరున జెర్మేనియం అని నామకరణం చేశాడు. ఆయన చివరికి ఇచ్చిన విశ్లేషణలో వెండి 74.72, గంధకం 17.13, జెర్మేనియం 6.93 పాళ్లు. ఇనుము, జింకు, పాదరసం కలిసి ఒకటిన్నర పాలు లోపే. మొత్తం 99.97.

మూలకం దొరికింది సరే, దాని పరమాణు భారం ఎంత? ఇక్కడ మొదలయ్యే లెక్కను ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థి ఎవరైనా చేయగలడు. జెర్మేనియాన్ని క్లోరిన్‌తో కలిపితే పల్చని ద్రవం వస్తుంది, 86 డిగ్రీల దగ్గర మరుగుతుంది. దాన్ని సోడాతో విడగొట్టి, అందులోని క్లోరిన్‌ను వెండి ద్రావణంతో అంశమాపనం చేయవచ్చు. వంద గ్రాముల ద్రవంలో క్లోరిన్ సుమారు 66.1 గ్రాములు, జెర్మేనియం 33.9 గ్రాములు. 66.1ని క్లోరిన్ పరమాణు భారం 35.45తో భాగిస్తే 1.865 మోల్‌లు. ఒక్కో జెర్మేనియం పరమాణువుకు నాలుగు క్లోరిన్‌లు అనుకుంటే జెర్మేనియం 0.466 మోల్. 33.9ని దానితో భాగిస్తే 72.7.

ఇందులో రెండు విషయాల మీద ఆగాలి. మొదటిది దశాంశాల సంగతి. క్లోరిన్ 66.1 బదులు 66.2 అని వచ్చిందనుకోండి, జవాబు 72.4కు దిగుతుంది. వందకు పదోవంతు తేడా పరమాణు భారాన్ని మూడు పదోవంతులు కదిలించింది. వింక్లర్ ప్రకటించిన విలువ 72.32. ఇవాళ మనం వాడేది 72.63. ఒక రాతిలోంచి తీసిన కొద్దిపాటి పదార్థంతో, ఆనాటి పరికరాలతో అంత దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. సార్థక అంకెల పాఠం పిల్లలకు నిస్సారంగా తోచడానికి కారణం, ఆ అంకె మారితే ఏమవుతుందో వాళ్లకు ఎవరూ చూపకపోవడం.

రెండోది ఇంకా లోతైనది. నాలుగు క్లోరిన్‌లు అని ఎవరు చెప్పారు? మూడు అనుకుంటే అదే తూకం 54.5 ఇస్తుంది. రెండు అనుకుంటే 36.4. తక్కెడ నిష్పత్తిని మాత్రమే చెబుతుంది, పరమాణువుల సంఖ్య చెప్పదు. ఈ ప్రశ్న వింక్లర్‌కు ఊరికే వచ్చింది కాదు. కొత్త మూలకం ఆవర్తన పట్టికలో ఆంటిమొనీ, బిస్మత్‌ల మధ్య ఖాళీలో కూర్చుంటుందని ఆయన మొదట అనుకున్నాడు. మెండలీఫ్ అయితే కాడ్మియం కింద చోటు చూశాడు. సిలికాన్ కింద, టిన్‌కు పైన ఉన్న ఖాళీ దీనిదేనని లోథార్ మేయర్ లాంటివాళ్లు వాదించారు. ఆ ఖాళీలో ఉండాల్సిన మూలకానికి మెండలీఫ్ 1871లోనే లక్షణాలు రాసి పెట్టాడు: పరమాణు భారం 72, సాంద్రత 5.5, నాలుగు క్లోరిన్‌లతో వంద డిగ్రీల లోపు మరిగే ద్రవం, సాంద్రత 4.7 ఉండే ఆక్సైడ్. వింక్లర్ కొలిచిన ఆక్సైడ్ సాంద్రత 4.703. క్లోరైడ్ ఆవిరి సాంద్రతను కొలిచి అవగాడ్రో సూత్రంతో మోల్ బరువు కడితే 214 దగ్గరికి వస్తుంది, నాలుగు క్లోరిన్‌లకు మాత్రమే అది కుదురుతుంది. పదిహేనేళ్ల ముందు కాగితం మీద గీసిన ఖాళీ గడి నిండింది.

ఇదే ఊళ్లో అంతకు ఇరవై మూడేళ్ల ముందు ఇదే లెక్క పక్కదారి పట్టిన ఉదంతం ఒకటుంది. 1863లో ఫెర్డినాండ్ రైష్, థియోడోర్ రిష్టర్ ఫ్రైబర్గ్ జింకు ఖనిజంలో ఇండియం కనుగొన్నారు. రైష్‌కు రంగులు తెలిసేవి కావు, అందుకే వర్ణపటంలో నీలిరేఖను చూసే పని రిష్టర్‌కు అప్పగించాడు. ఇండియం ఆక్సైడ్‌లో వందకు 82.7 పాళ్లు లోహం, 17.3 ఆక్సిజన్. జింకుతో కలిసి దొరికింది కాబట్టి జింకులాగే ఒక పరమాణువుకు ఒక ఆక్సిజన్ అనుకున్నారు. అలా లెక్కవేస్తే పరమాణు భారం 76 చుట్టుపక్కల వస్తుంది. ఆవర్తన పట్టికలో ఆర్సెనిక్ 75, సెలీనియం 79. మధ్యలో దూరడానికి చోటే లేదు. మెండలీఫ్ ప్రయోగశాల మెట్లెక్కకుండానే దిద్దాడు: రెండు ఇండియంలకు మూడు ఆక్సిజన్‌లు అనుకోండి అన్నాడు. అదే తూకం, అవే శాతాలు. భారం ఇవాళ్టి విలువ 114.8 వైపు జరిగింది, కాడ్మియానికీ టిన్‌కూ మధ్య చోటు దొరికింది. తర్వాత విశిష్టోష్ణం కొలతలు ఆ దిద్దుబాటును బలపరిచాయి. వేలెన్సీ పాఠం తర్వాత ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన చేయిస్తే, ఫార్ములా ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న పిల్లలకు మొదటిసారి తడుతుంది.

వింక్లర్ చేసిన మరో పని మన కర్మాగారాల దాకా వచ్చింది. ఫ్రైబర్గ్ చుట్టుపక్కల గంధకం ఉన్న ఖనిజాలను కాల్చినప్పుడు వచ్చే పొగ పొలాలను మాడ్చేసేది. ఆ సల్ఫర్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా మార్చుకోవాలని ఆయన ఎంతో కాలం శ్రమించాడు. 1875లో, ప్లాటినం పూసిన ఆస్బెస్టాస్ మీదుగా సల్ఫర్ డయాక్సైడ్, ఆక్సిజన్ పంపి ట్రయాక్సైడ్ తయారుచేసే పద్ధతి ప్రకటించాడు. తుల్య సమీకరణం ఏమంటుంది? రెండు ఘనపరిమాణాల సల్ఫర్ డయాక్సైడ్‌కు ఒక ఘనపరిమాణం ఆక్సిజన్. సరిగ్గా ఆ పాళ్లలో కలిపితేనే దిగుబడి బాగుంటుందని వింక్లర్ భావించాడు. ఆ మిశ్రమం కోసం ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నే వేడికి విడగొట్టి, నీటిని తీసేసి, ఆ వాయువులను మళ్లీ కలిపేవాడు. కాగితం మీద అంతకంటే అందమైన పద్ధతి ఉండదు.

బాస్ఫ్ సంస్థలో రుడాల్ఫ్ క్నీట్ష్ దీన్ని లోతుగా పరిశీలించి 1901లో ఫలితాలు ప్రకటించాడు. ఈ చర్య రెండు వైపులా నడిచేది. ఆక్సిజన్‌ను పాళ్లకు మించి ఇస్తే సల్ఫర్ డయాక్సైడ్‌లో ఇంకా ఎక్కువ భాగం మారిపోతుంది. అసలు గాలిలోనే గంధకాన్ని మండిస్తే ఆ అదనం దానంతట అదే వస్తుంది. గాలిలో వందకు 21 ఆక్సిజన్. మండే ప్రతి ఆక్సిజన్ అణువు స్థానంలో ఒక సల్ఫర్ డయాక్సైడ్ అణువు వస్తుంది. కాబట్టి డయాక్సైడ్ 10 ఉన్నప్పుడు ఆక్సిజన్ ఇంకా 11 మిగిలి ఉంటుంది. సమీకరణం అడిగేది 5 మాత్రమే. ప్రశ్నపత్రాల్లో కనిపించే ‘అధిక ఆక్సిజన్ సమక్షంలో’ అన్న మాటకు ఇంత అర్థం ఉంది. పరిమిత కారకం ఏదో కనుక్కోమని లెక్క ఇచ్చి వదిలేస్తాం. ఏ కారకాన్ని పరిమితంగా ఉంచాలో, దేన్ని మిగలనివ్వాలో నిర్ణయించేవాడు ఇంజినీరు. విశాఖపట్నం ఎరువుల కర్మాగారంలో 32 టన్నుల గంధకానికి సిద్ధాంతం ప్రకారం 98 టన్నుల ఆమ్లం రావాలి. ఆ 98కి ఎంత దగ్గరికి వెళ్తారన్నది ఈ అదనపు గాలి మీద, ఉష్ణోగ్రత మీద, ఉత్ప్రేరకం మీద ఆధారపడుతుంది.

వింక్లర్ మంచి బోధకుడు కూడా. జెర్మేనియం దొరికిన రెండేళ్లకు, 1888లో, అంశమాపన పద్ధతిని అభ్యాసాల ద్వారా నేర్పే పాఠ్యపుస్తకం అచ్చువేశాడు. కొత్త మూలకాన్ని కనుగొన్న చేతులే బ్యూరెట్ పట్టుకోవడం నేర్పడానికి కూర్చున్నాయి. అభ్యాసం విలువ ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది!

ఇక ఆ 7.26. ఆర్జిరొడైట్ ఫార్ములా ఏమిటి? వింక్లర్ అంకెలనే తీసుకుందాం. వెండి 74.72ను 107.87తో భాగిస్తే 0.693. గంధకం 17.13ను 32.06తో భాగిస్తే 0.534. జెర్మేనియం 6.93ను 72.63తో భాగిస్తే 0.0954. అన్నిటినీ చిన్నదానితో భాగించమని అనుభావిక ఫార్ములా పాఠం చెబుతుంది. భాగిస్తే వెండి 7.26, గంధకం 5.60, జెర్మేనియం 1. ఇప్పుడేం చేయాలి? ఏడు అందామా? వెండికి ఏక సంయోజకత, జెర్మేనియానికి ఈ సమ్మేళనంలో నాలుగు, గంధకానికి రెండు. ఏడు వెండిలు, ఒక జెర్మేనియం కలిసి 11 అవుతాయి, గంధకం రెండేసి చొప్పున 11ను సరిపుచ్చలేదు. కాబట్టి వెండి సరిసంఖ్య కావాలి, ఆరు లేదా ఎనిమిది. ఆరైతే గంధకం ఐదు. ఎనిమిదైతే గంధకం ఆరు.

వింక్లర్ ఆరు అన్నాడు. 1893లో అమెరికాలోని యేల్‌లో శామ్యూల్ పెన్‌ఫీల్డ్ బొలీవియా నుంచి వచ్చిన వెండి, జెర్మేనియం ఖనిజాన్ని విశ్లేషించి ఎనిమిది, ఒకటి, ఆరు అని తేల్చాడు. తర్వాత ఫ్రైబర్గ్ ఆర్జిరొడైట్‌నూ మళ్లీ పరీక్షించి దాని ఫార్ములా కూడా అదేనన్నాడు. ఇవాళ పుస్తకాల్లో ఉన్నది పెన్‌ఫీల్డ్ ఫార్ములానే.

నేను రసాయనశాస్త్రం పాఠం చెప్పే ఉపాధ్యాయులను కోరేది ఈ లెక్కను తరగతిలో పెట్టమనే. రెండు ఫార్ములాలకూ శాతాలు కట్టమనండి. ఆరు వెండిల ఫార్ములా ప్రకారం వెండి 73.5, జెర్మేనియం 8.3, గంధకం 18.2. ఎనిమిది ప్రకారం 76.5, 6.4, 17.1. వింక్లర్ అంకెల పక్కన పెడితే గంధకం రెండోదానికి ఇంచుమించు అతుక్కుపోయింది, జెర్మేనియమూ అటే మొగ్గింది. వెండి మాత్రం రెండింటికీ మధ్యలో వేలాడుతోంది. అప్పుడు ఎవరో ఒక పిల్ల అడుగుతుంది, మరి ఆ ఇనుము, జింకు, పాదరసం సంగతేమిటని. ఖనిజంలో కొన్ని వెండి పరమాణువుల బదులు అవి కూర్చున్నాయని, రెండు సంయోజకత ఉన్న ఒక్కో పరమాణువు రెండు వెండిల పని చేస్తుందని అనుకుని కలిపి చూడమనాలి. 7.26 కాస్తా ఏడున్నర దాటుతుంది. ఆరా, ఎనిమిదా అన్నది అంతవరకూ బోర్డు మీద రాయకూడదు.